మొగుడికి మందుచీటీ రాయరేం?

మన అమ్మలు 'తెల్లబట్ట' అనేవారు. గట్టిగా అడిగితే 'వేడి చేసిందిలే' అని సబ్జా నీళ్ళు తాగి ఊరుకునేవారు. పిహెచ్.డి.లు చేసిన మనం 'వైట్ డిశ్చార్జ్' అంటున్నాం. మాట మారింది గానీ గొంతు తగ్గించడం మారలేదు. దేహ రాజకీయాల మీద ఇన్ని సెమినార్ పత్రాలు రాశాం కదా, వాటిలో దీని ఊసు ఎక్కడైనా ఉందా?

స్రావం ఉండడమే రోగం కాదు. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా ఆమ్లగుణాన్ని కాపాడుతుంది. అది తగ్గి వేరే రకాలు పెరిగిపోతే పల్చటి బూడిదరంగు స్రావం, చేపల వాసన. ఇదే బాక్టీరియల్ వెజైనోసిస్. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు కూడా. దీంతో హెచ్ఐవి, గనేరియా సోకే ప్రమాదం పెరుగుతుంది. గర్భిణులకి నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు ఎక్కువ. ఇంత సమస్యకి మనకి దొరికే సలహా ఏమిటి? 'శుభ్రంగా ఉండమ్మా!' లోపలంతా కడిగితే ఆ మంచి బాక్టీరియా కూడా పోయి పరిస్థితి ఇంకా పాడవుతుంది. అయినా సువాసనల వాష్‌లు అమ్ముతూనే ఉన్నారు. మన సిగ్గే కదా వాళ్ళ పెట్టుబడి!

మాత్రలు వాడితే తగ్గుతుంది. కొన్ని నెలలకి చాలామందికి తిరగబెడుతుంది. అప్పుడు తప్పు మళ్ళీ ఆవిడదే. మగవాళ్ళకి మాత్రలు మాత్రమే ఇచ్చి చూసిన పాత అధ్యయనాల్లో ఫలితం కనబడలేదని, వాళ్ళకి చికిత్స అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతూ వచ్చాయి. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆస్ట్రేలియా పరిశోధకుల అధ్యయనం వచ్చింది. 164 జంటలు. స్త్రీకి మాత్రమే మందిచ్చినచోట 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. పురుషుడికి కూడా వారంరోజులు మాత్రలు, అంగానికి పూసుకునే క్రీము ఇచ్చినచోట 35 శాతానికే. తేడా అంత స్పష్టంగా ఉండడంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు.

మన దగ్గర ఏం జరుగుతోంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. అన్నీ తెల్లబట్ట ఆపరేషన్లని కాదు. కానీ తెల్లబట్టకని వెళ్లి, క్యాన్సరవుతుందన్న భయంతో గర్భసంచి పోగొట్టుకుని వచ్చిన కూలి స్త్రీలు వీళ్ళలో ఉన్నారు. ఆవిడ పొట్ట కోయడానికి సందేహించని వైద్యం, ఆయన్ని వారంరోజులు మాత్రలు వేసుకోమనడానికి మొహమాటపడుతోంది! గైనిక్ ఓపీ బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్న ఆయన్ని కూడా లోపలికి పిలవమని డాక్టర్లని మనమే అడగాలి, ఈసారి గొంతు తగ్గించకుండా.