పాటు వేళ చూసుకుని కోరంగి వెళ్లండి

"కోరంగి వెళ్లొచ్చామండీ, అక్కడేముంది, చెట్లూ బురదా" అని కాకినాడ పక్కనున్న ఆ మడ అడవి గురించి అనే మాట ఈమధ్య చాలామంది నోట వింటున్నాను. అన్నవాళ్లని తప్పు పట్టను. ఆదివారం రాజమండ్రిలోనో విశాఖలోనో బయలుదేరి, దారిలో టిఫిన్లు కానిచ్చి, పదకొండు దాటాక గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుని, చెక్కబాట మీద జనంతో పాటు ఆ చివరిదాకా నడిచి, ఫొటోలు దిగి, కాసేపు పడవెక్కి, భోజనం వేళకి కాకినాడ చేరుకుంటే నిజంగానే చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ సమయానికి కాలవలో నీళ్లు పోటు మీద ఉంటే బురద కూడా కనిపించదు.

పడవ నడిపేవాళ్లని అడిగితే ఉన్నమాట చెబుతారు. "ఇప్పుడు పోటండి, పాటుకి రండి" అంటారు, అంటే నీళ్లు దిగే వేళకి. ఎవరూ అడగరు. టిక్కెట్టు మీద ఆ సంగతి ఉండదు. నా బాధంతా అక్కడే. గడియారం చూసుకుని వచ్చేవాళ్లకి కోరంగి తన గుట్టు విప్పదు. నీళ్లు ఎప్పుడు దిగుతాయో తెలుసుకుని వచ్చేవాళ్లకి మాత్రం మన తీరంలో ఇంత దగ్గరగా, ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణులని చూపించే చోటు ఇంకోటి నాకు తెలియదు.

నీళ్లు దిగడం మొదలైన గంటకి ఒడ్డు బయటపడుతుంది. బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు మడచెట్ల ఊపిరివేళ్లు వరసగా పైకి లేచి ఉంటాయి. ఉప్పునీళ్లతో నానిన ఆ మట్టిలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. వాటి మధ్య మొదట ఏమీ కదలదు. చెక్కబాట మీద ఒకచోట కాళ్లు కదపకుండా నిలబడాలి. కాసేపటికి ఒక కన్నంలోంచి గోటంత పీత తొంగిచూస్తుంది. తర్వాత పక్క కన్నంలోంచి ఇంకోటి. చూస్తుండగానే ఆ బురదంతా పీతలే. మగదానికి ఒక ముందుకాలు మరీ పెద్దది, దాదాపు ఒంటి పొడుగు ఉంటుంది. దాన్ని ఎత్తుతూ దించుతూ ఆడపీతని పిలుస్తుంది, సాటి మగదాన్ని బెదిరిస్తుంది. తిండికి మాత్రం అది పనికిరాదు. రెండో వైపున్న చిన్నకాలితోనే బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులో తినదగ్గదంతా జల్లించుకుని, మిగిలిన మట్టిని చిన్న ఉండ చేసి పక్కన పెడుతుంది. ఆ ఉండలు కన్నం చుట్టూ పేరుకుంటాయి. ఎవరైనా బాట మీద ధనధనా నడిచారా, అన్నీ ఒక్క రెప్పపాటులో లోపలికి.

ఆ పీతల మధ్యనే చేపలు నడుస్తుంటాయి. అతిశయోక్తి కాదు. ముందు రెక్కల మీద ఒంటిని ఆనించి, తలమీద ఉబ్బిన కళ్లు అటూ ఇటూ తిప్పుతూ, బురద మీద పాకుతూ, గెంతుతూ, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ ఉంటాయి. మొప్పల్లో కాస్త నీళ్లు పట్టి ఉంచుకుంటాయి, తడి చర్మంతో గాలి పీల్చుకుంటాయి. పిల్లలకి వీటిని ఒక్కసారి చూపించండి. చేప అంటే నీళ్లలోదే అని పుస్తకంలో చదివిన పిల్ల కళ్లలో అప్పుడు కనిపించే ఆశ్చర్యం కోసమైనా ఈ ప్రయాణం చేయొచ్చు.

బురద బయటపడితే పిట్టలు దిగుతాయి. పొడుగు ముక్కుల ఉల్లంకులు, తెల్ల కొంగలు, నారాయణ పక్షులు. కొమ్మ మీద నల్లతల లకుముకి పిట్ట ఉంటుంది, ఎర్రని ముక్కూ ముదురు నీలం వీపూ. ఆకాశంలో గరుడపక్షి. అదృష్టం బాగుంటే కాలవ వంపులో నీటికుక్కల గుంపు కనిపిస్తుంది. తల్లీ పిల్లలూ కలిసి చేపల్ని మూలకి తరుముతాయి. అవి కనిపించకపోయినా, ఒడ్డున అవి వదిలిన పెంటలో చేపపొలుసులు మెరుస్తుంటాయి. అది చూపించగలవాడు పక్కన ఉంటే చాలు, ఇందాక ఇక్కడ ఏం జరిగిందో తెలిసిపోతుంది.

నీటిపిల్లి సంగతి వేరు. ఫిషింగ్ క్యాట్ అని పత్రికల్లో రాసేది దీన్నే. ఇంటిపిల్లికి రెండింతలుండి, ఒంటి నిండా మచ్చలతో, నీళ్లలోకి దూకి చేపని పట్టే పిల్లి. 2018లో కెమెరాలు బిగించి లెక్కిస్తే కోరంగిలో 115 ఉన్నట్టు తేలింది. రాత్రి తిరిగే జంతువు కాబట్టి పగలు వెళ్లినవాళ్లకి కనిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ పాటు వేళ మెత్తటి బురద మీద దాని అడుగులు స్పష్టంగా పడి ఉంటాయి. నాకైతే ఆ అడుగులు చూడడం జంతుప్రదర్శనశాలలో పులిని చూడడం కంటే గొప్ప సంగతి. అది బోనులో లేదు, మనం నిలబడ్డ చోటే రాత్రి నడిచి వెళ్లింది.

పాటు వేళ తెలుసుకోవడం పెద్ద విద్య కాదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే ఈ ఆదివారం పొద్దున ఏడింటికి నీళ్లు బాగా దిగి ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకి పోటు మీద ఉంటాయి. పోయిన వారం స్నేహితుడు చూసొచ్చి చెప్పాడని అదే టైముకి వెళ్తే దెబ్బతినేది ఇందుకే. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఎక్కువగా ఎక్కుతాయి, ఎక్కువగా దిగుతాయి. భారత సర్వే సంస్థ ఏటా వేసే ఆటుపోట్ల పట్టికలో కాకినాడ వేళలు ఉంటాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా ఈ అంచనాలు ఇస్తుంది. ఇంత సమాచారం ఉండీ గేటు దగ్గరికి చేరకపోవడం విచారకరం.

మన పెద్దలు ఈ తీరానికి తిథి చూసుకునే వచ్చేవారు. పుష్య బహుళ అమావాస్యని ఇక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో ఆ రోజు స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టి, ఆత్రేయ పాయ దగ్గర కోరంగిని దాటుకుని, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరేవారు. ఇప్పటికీ చొల్లంగిలో ఆ రోజు జనం కిటకిటలాడతారు. పుణ్యానికి వచ్చేవాళ్లలో పదోవంతు మంది ఆ పక్కనే ఉన్న మడలోకి వెళ్లి ఒక గంట నిలబడినా బాగుండును. చలికాలం, వలస పిట్టల కాలం, అన్నీ కలిసొచ్చే రోజులవి.

ఆ రోజుల్లోనే కాకినాడ అంచున, కుంభాభిషేకం అనే చోటు వైపు తీరంలో ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. ప్రపంచంలోనే అరుదైపోయిన పక్షి. నారింజ రంగు ముక్కు, అందులో కింది భాగం పై భాగం కంటే పొడుగు. నోరు తెరిచి, ఆ కింది ముక్కుని నీళ్లలో ముంచి, నీటిని గీసుకుంటూ ఎగురుతుంది. ముక్కుకి చేప తగలగానే టక్కున మూసేస్తుంది. వీటిని చూడడానికి వేరే రాష్ట్రాల నుంచి పెద్ద కెమెరాలతో మనుషులు వస్తారు. మన ఊళ్లవాళ్లకి ఆ పేరే తెలియదు.

ఆ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడిన తిన్నె అది. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా అడ్డుగా నిలబడింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి వచ్చి రాత్రిపూట ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తాయి. అదే నెలల్లో కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కూడా కొట్టుకొస్తాయి. మరబోటు వలలో చిక్కిన తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చస్తుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీలాంటి పరికరం బిగించాలని నిబంధన ఉంది. బిగిస్తే రొయ్యలూ చేపలూ కొన్ని జారిపోతాయని వేటగాళ్ల బెంగ. ఆ బెంగని కొట్టిపారేయకూడదు. నష్టం ఎంతో లెక్కగట్టి పూడ్చి, ఆ పైన నిబంధన గట్టిగా అమలు చేయాలి. ఒడ్డున పడి ఉన్న తాబేలు డొప్పల ముందు ఏటా విచారం ప్రకటించి ఊరుకుంటే కుదరదు.

ఇక ఊరు. ఇవాళ తాళ్లరేవు మండలంలో, యానాం దారిలో కనిపించే మామూలు పల్లె కోరంగి. ఒకప్పుడు ఇది మన తూర్పు తీరంలో పేరున్న రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, పాడైన ఓడలు బాగుచేసేవారు. ఇక్కడ ఓడెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లు ఎంతమందంటే, బర్మాలో మనవాళ్లందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. విజయనగరం నుంచి వెళ్లినా కోరంగీయే, కాకినాడ నుంచి వెళ్లినా కోరంగీయే. రేవుల్లో మూటలు మోసి, రైస్ మిల్లుల్లో చెమటోడ్చి, ఇంటికి డబ్బు పంపిన మనుషులు వాళ్లు.

1789 డిసెంబరులో తుపాను ఈ రేవు మీద పడింది. మూడు రాకాసి అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరినీ ఓడల్నీ ముంచేశాయని హెన్రీ పిడింగ్టన్ రాశాడు. కలకత్తాలో ఉంటూ తుపానుల్ని పరిశోధించిన మనిషి ఆయన. 1848లో అచ్చయిన తన పుస్తకంలో ఈ గాలులకి సైక్లోన్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1839 నవంబరులో మరో తుపాను. దానికి తోడు గోదావరి ఒండ్రు కాలవని పూడ్చేసింది. కోరంగి రేవు కళ తప్పింది, కాకినాడ పెరిగింది.

ఆ ఒండ్రు మీద పెరిగిన మడే ఇవాళ మనం చూడబోతున్న అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, పాలు కళ్లలో పడితే చూపు పోయేంత ప్రమాదమున్న తిల్ల, ఇంకా ఎన్నో రకాలు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి భైరవపాలెం వైపు వేటకి వెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. గాలినీ అలనీ కాసుకునే మడ విలువ ఈ తీరంలోవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, మట్లపాలెం లాంటి పల్లెల జనం కలిసి, ఎండిపోయిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి పారేలా చేసి మడని మళ్లీ పెంచారు. అదే జిల్లాలో 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసమని మడని నరికారు, మట్టి కప్పారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాళ్లకి ఇళ్లు కావాలి, సందేహం లేదు. తుపాను వస్తే ముందు మునిగే చోట, అడ్డుగా ఉన్న చెట్లని కొట్టి ఇళ్లిస్తామనడం ఆ పేదవాళ్లకే ద్రోహం.

పర్యాటకం పేరుతో కోరంగికి ఇంకా ఏమేం కట్టాలా అని ఆలోచించేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. కొత్తగా ఏమీ కట్టొద్దు. గేటు తెరిచే వేళ పాటుని బట్టి మార్చండి. పొద్దున్నే పాటు ఉన్న రోజు పొద్దున్నే తెరవండి. చెక్కబాట మీద పాటల పెట్టెలు మోగనివ్వకండి. పడవ కాలవ వంపులోకి రాగానే ఇంజను ఆపి తెడ్డు వేయించండి. ఒక్కో గుంపుకి ఒక్కో మనిషిని తోడివ్వండి. ఆ మనిషి ఈ పల్లెల కుర్రాడో అమ్మాయో అయి ఉండాలి. మండపీత ఏ కన్నంలో ఉంటుందో వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పిట్టల పేర్లు, 1789 కథ, రంగూన్ ఓడల కథ నేర్పితే నెల రోజుల్లో నేర్చుకుంటారు. వాళ్లకి ఇచ్చేది సందర్శకుల దయమీద ఆధారపడే చిల్లర కాకుండా టిక్కెట్టు డబ్బులోంచి నెలజీతంగా ఉండాలి. గేటు దగ్గర రోజూ ఆనాటి పోటు, పాటు వేళలు రాయడానికి ఒక నల్లబల్ల, సుద్దముక్క చాలు. దానికి టెండర్లు అక్కర్లేదు, వలస పిట్టలు దిగే ఈ నవంబరుకే మొదలుపెట్టొచ్చు.