గది అద్దెలో గది వాటా ఎంత?

ఈ శీర్షికలో మామూలుగా డిపాజిట్లు, వీలునామాలు, లాకర్ల వంటి పొడి విషయాలే రాస్తుంటాను. ఈ సంచిక సెలవులకు ముందు వస్తోంది కాబట్టి పిల్లలతో చేసే ప్రయాణాల గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. ప్రయాణాల గురించి నాకు తెలిసింది తక్కువే. వాటికయ్యే ఖర్చు గురించి మాత్రం కాస్త తెలుసు. అందులోనూ ఈమధ్య మా బ్యాంకులో తరచు వినబడుతున్న ఖర్చు ఒకటుంది. అది పెద్ద పెద్ద థీమ్ పార్కుల ఆవరణలోనే ఉండే హోటళ్ల గది అద్దె.

అసలీ హోటళ్లు ఎలా పుట్టాయో తెలిస్తే అద్దె ఎందుకంత ఉంటుందో సగం అర్థమవుతుంది. వాల్ట్ డిస్నీ 1955 జులైలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచాడు. దానికి అప్పట్లోనే కోటీ డెబ్భై లక్షల డాలర్ల దాకా అయింది. ఆ డబ్బు కోసం ఆయన పడని పాట్లు లేవు. ఒక టెలివిజన్ సంస్థతో పొత్తు కలిశాడు, తన జీవిత బీమా పాలసీ మీద కూడా అప్పు తెచ్చాడు. మనవాళ్లు ఎల్.ఐ.సి. పాలసీ తాకట్టు పెట్టి ఇంటికి స్లాబు వేయించుకున్నట్టే. పార్కు పూర్తయ్యేసరికి హోటలు కట్టడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. దాంతో జాక్ రాథర్ అనే టెలివిజన్ నిర్మాత ఆ పక్కనే సొంత పెట్టుబడితో డిస్నీలాండ్ హోటలు కట్టుకుని అదే ఏడాది అక్టోబరులో తెరిచాడు. చుట్టూ నారింజ తోటలు పోయి మోటళ్లు లేచాయి. పార్కు కట్టినవాడికి టిక్కెట్టు డబ్బు, పక్కవాళ్లకు పడక డబ్బూ భోజనం డబ్బూ అన్నట్టయింది. తన పేరు పెట్టుకున్న ఆ హోటలు డిస్నీ కంపెనీ చేతికి రావడానికి 1988 దాకా పట్టింది.

ఆ దెబ్బ డిస్నీ మరిచిపోలేదు. ఫ్లోరిడాలో రెండో పార్కు తలపెట్టినప్పుడు పేరు బయటికి రాకుండా బినామీ కంపెనీల ద్వారా 27 వేల ఎకరాలు కొనిపించాడు. సగటున ఎకరం 200 డాలర్ల లోపే పడింది. 1965లో గుట్టు రట్టయ్యేసరికి చుట్టుపక్కల ధరలు ఆకాశానికంటాయి. అప్పటికే కావలసినంత భూమి చేతిలో ఉంది. చిత్తడి నేల, పొదలు, మొసళ్లు. అంత భూమి పార్కు కోసం కాదు, పార్కు చుట్టూ ఇంకొకడు హోటలు కట్టకుండా ఉండటం కోసం. డిస్నీ 1966లో పోయాడు. 1971 అక్టోబరులో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు పార్కుతో పాటే రెండు సొంత హోటళ్లు తెరుచుకున్నాయి, ఒకటి కాంటెంపరరీ, ఇంకొకటి పాలినేషియన్. ఒంటిపట్టా రైలు కాంటెంపరరీ హోటలు కడుపులోంచే దూసుకుపోతుంది. నిర్మాణం సంగతి కూడా తమాషాగా ఉంటుంది. గదుల్ని వేరేచోట పూర్తిగా తయారుచేసి, లారీల మీద తెచ్చి, ఉక్కు చట్రంలో సొరుగులు తోసినట్టు తోశారు.

అప్పట్లో గది అద్దె రోజుకు 30 డాలర్ల దగ్గర మొదలయ్యేది, పార్కు ప్రవేశం మూడున్నర డాలర్లు. అప్పటినుంచి ఇప్పటికి అమెరికాలో సామాన్య ధరలు సుమారు ఎనిమిది రెట్లయ్యాయి. ఆ లెక్కన గది 240 డాలర్లకు రావాలి. కాని రైలు పట్టా పక్కనున్న ఆ హోటళ్లలో 500 డాలర్లకు తక్కువ గది దొరకడమే అరుదు. 1988లో తెరిచిన గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో పండగ రోజుల్లో వెయ్యి దాటుతుంది. దాని మీద అక్కడి పన్ను పన్నెండున్నర శాతం.

ఆ వెయ్యి డాలర్లకు ఇచ్చేది రెండు మంచాలు, ఒక స్నానాల గది, కిటికీలోంచి సరస్సు. అలాంటి గది పది మైళ్ల అవతల నూటయాభైకి దొరుకుతుంది. మిగతా ఎనిమిది వందల యాభై దేనికి? పొద్దున పార్కు గేటు మామూలు జనం కంటే అరగంట ముందు తెరుస్తారు, అందుకు కొంత. మధ్యాహ్నం ఎండకు పిల్లవాడు సొమ్మసిల్లితే పది నిమిషాల్లో గదికి చేర్చవచ్చు, అందుకు కొంత. మిగతాది మాయలోంచి బయటికి రాకుండా ఉండటానికి. రోడ్డు మీద పెట్రోలు బంకు కనబడితే పిల్లలకు కల చెదురుతుందట! మొదటి రెండింటికీ నేను వెల కట్టగలను. మూడోదానికి వెల కట్టేది పిల్లలు, చెల్లించేది మనం.

ఇంకొకటి గమనించాను. అద్దె పెరుగుతూ పోయినా, అద్దెలో కలిసి వచ్చే సదుపాయాలు మాత్రం ఒకటొకటిగా విడిపోతున్నాయి. విమానాశ్రయం నుంచి హోటలుకు ఉచితంగా నడిచిన బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది. వరుసలో నిలబడకుండా వెళ్లే చీటీ ఒకప్పుడు పార్కుకు వచ్చిన అందరికీ ఉచితం. 2021 అక్టోబరు నుంచి దానికి వేరే డబ్బు. సొంత హోటల్లో దిగినవారి కారుకు రాత్రి పార్కింగు రుసుము 2018లో పెట్టి, జనం గొణిగితే 2023లో తీసేశారు. అంటే గొణగడం వృథా కాదన్నమాట.

ఇక ఈ లెక్కలన్నీ నా నెత్తిన ఎందుకు పడ్డాయో చెబుతాను. బరంపురంలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దాయన ఒకరు నిరుడు ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు పట్టుకుని మా దగ్గరకొచ్చారు. గడువు ఇంకా రెండేళ్లుంది, ఇప్పుడే తీసేయమన్నారు. ఇలాంటప్పుడు కారణం అడగడం మా అలవాటు. ఆపరేషనా, పెళ్లా అని అడిగితే "ఆర్లాండో" అన్నారు. అమెరికాలో కూతురు, అల్లుడు, ఏడేళ్ల మనవరాలు. డిసెంబరు సెలవుల్లో అందరూ కలిసి వెళ్లాలని ఏర్పాటు. అటు వియ్యంకులు కూడా వస్తున్నారు. కిందటిసారి నయాగరా ఖర్చంతా వియ్యంకుడే పెట్టుకున్నారట, ఈసారి హోటలు తన వంతు అని ఈయన పట్టుదల. రెండు గదులు, నాలుగు రాత్రులు, గది 600 డాలర్లు. పన్నుతో కలిపి 5,400 డాలర్లు. డాలరు 85 రూపాయలు వేసుకున్నా 4,59,000 రూపాయలు.

నేను కాగితం మీద ఇంకో లెక్క రాసి చూపించాను. ఆ సొమ్ము మీద ఏడు శాతం వడ్డీ ఏడాదికి 32 వేల పైచిలుకు, నెలకు రెండువేల ఆరువందల పైన. "మాస్టారూ, ఇది దేనికి వాడుతున్నారు?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మా ఆవిడ షుగరు మందులకి. అయినా అల్లుడి ఎదుట చెయ్యి ముడుచుకుని కూర్చోమంటారా బాబూ?" అన్నారు. దానికి బ్యాంకు రూల్సులో జవాబు లేదు. వియ్యపువారి ముందు మర్యాద అనేది ఏ ఖాతా కింద రాయాలో మేము చదివిన కామర్సులో చెప్పలేదు. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కోత ఎంతో చెప్పి, తీయకుండా దానిమీదే అప్పు తీసుకునే వీలు కూడా ఉందని చెప్పి, ఒక్కసారి అమ్మాయితో మాట్లాడి రమ్మన్నాను. పిల్లకి ఈ సంగతులు చెప్పడం నామోషీ అన్నారు. అయినా మాట్లాడారు.

తేల్చింది ఆ అమ్మాయే. "అమ్మకి పొద్దున్నే కాఫీ, రాత్రి పెరుగన్నం లేకపోతే ఏ కోటలో పడుకోబెట్టినా నిద్ర పట్టదు నాన్నా" అందట. పార్కు బయట కిస్సిమీ అనే ఊళ్లో వంటగదితో సహా ఇళ్లు రోజుల లెక్కన అద్దెకిస్తారు. ఏడుగురికీ అలాంటి ఇల్లొకటి తీసుకున్నారు. నాలుగు రోజులకు లక్షన్నర లోపు అయింది. మాస్టారు డిపాజిట్ మీద అప్పు తీసుకుని ఆ అద్దె మొత్తాన్ని కూతురి ఎన్.ఆర్.ఓ. ఖాతాలో వేశారు. మనవరాలి ముచ్చట కూడా తీరింది. లోపలి హోటళ్లలో దిగకపోయినా ముందుగా టేబులు రిజర్వు చేసుకుంటే అక్కడ భోజనం చేయవచ్చు, పిల్లల బొమ్మల పాత్రలు వచ్చి పలకరించి వెళ్తాయి. ఆ టిఫిను ఖర్చు వియ్యంకులు పెట్టుకున్నారట. ఆ టిఫినుకైన బిల్లు చూసి వియ్యపురాలు కళ్లు తిరిగినట్టు కూర్చున్నారని మాస్టారు కొంచెం సంతోషంగానే చెప్పారు.

కోరిన గదులు తక్కువ, కోరేవాళ్లు ఎక్కువ అయినప్పుడు లోకంలో పద్ధతులు రెండే. తిరుమల చూడండి. కొండ మీద గది యాభైకీ, వందకూ ఇస్తున్నారు. అద్దె పెంచని చోట వరుస పెరుగుతుంది, సిఫారసు ఉత్తరం పుడుతుంది. మద్రాసు నుంచో షోలాపూరు నుంచో పిల్లలతో వెళ్లి, గది కోసం గంటల తరబడి లైన్లో కూర్చున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆర్లాండోలో లైను లేదు, ఉత్తరం లేదు, జనం పలచబడేదాకా అద్దె పెంచుతారు. దేవుడి దగ్గర మొదటి పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. ఎలుకబొమ్మ దగ్గర రెండోదాన్ని తప్పు పట్టను. కాకపోతే అది ఎవరిని పలచబరుస్తోందో తెలిసి వెళ్లాలి.

అద్దె పెంచినా జనం వస్తారన్న ధీమా ప్రతిచోటా చెల్లలేదు. 1992 ఏప్రిల్లో పారిస్ దగ్గర యూరో డిస్నీ పేరుతో పార్కు తెరిచారు. అనహైమ్ తప్పు మళ్లీ జరగకూడదని ఒకేసారి ఆరు హోటళ్లు, దాదాపు 5,200 గదులు, చాలావరకు అప్పు సొమ్ముతో. కాని పారిస్ నుంచి రైలెక్కితే ముక్కాలుగంట ప్రయాణం. ఫ్రెంచివాళ్లు పొద్దున వచ్చి, చూసి, రాత్రికి ఇంటికెళ్లి పడుకున్నారు. గదులు ఖాళీ. వడ్డీ మాత్రం ఖాళీగా ఉండదు కదా. రెండేళ్లకే కంపెనీ మునిగే స్థితికొచ్చింది. 1994లో అప్పులిచ్చిన అరవై పైచిలుకు బ్యాంకులు కొంత వడ్డీ వదులుకున్నాయి, డిస్నీ కంపెనీ తన రాయల్టీని కొన్నేళ్లు మానుకుంది, సౌదీ రాకుమారుడొకాయన వాటా కొన్నాడు. ఆ ఏడాదే పేరు డిస్నీలాండ్ పారిస్‌గా మార్చారు. ఆ బ్యాంకుల్లో నాలాంటి అధికారి ఎవరో "గదులు నిండకపోతే?" అని ఫైలు మీద రాసే ఉంటాడు. పైవాళ్లు చదివి ఉండరు.

ఈమధ్య ఇంకో ముచ్చట. 2022 మార్చిలో ఫ్లోరిడాలో అంతరిక్ష నౌక లాంటి హోటలు తెరిచారు. వంద గదులు, రెండు రాత్రుల ఆట. ఇద్దరికి 4,800 డాలర్లు, నలుగురి కుటుంబానికి దాదాపు 6,000. రెండేళ్లు తిరక్కుండా 2023 సెప్టెంబరు 30న మూసేశారు. వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది మెచ్చుకున్నారు. అలా వెళ్లగలిగినవాళ్లు ఒకసారి వెళ్లొచ్చాక, మళ్లీ వంద గదులు నింపడానికి మనుషులు దొరకలేదు.

మన దేశంలో ఈ జబ్బు ఇంకా అంత ముదరలేదు. హైదరాబాదు రామోజీ ఫిల్మ్ సిటీ లోపల తార, సితార హోటళ్లున్నాయి. బెంగుళూరు వండర్‌లాలో రిసార్టు ఉంది. అదే సంస్థ పార్కు 2024లో భువనేశ్వర్‌కు, 2025 డిసెంబరులో చెన్నైకి వచ్చింది. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర ఇమేజికా 2013లో మొదలై, 2015లో పక్కనే 287 గదుల హోటలు కట్టింది. ఆ అప్పులు తీరక చివరికి 2022లో యాజమాన్యమే మారింది. పారిస్ కథకు మరాఠీ అనువాదం అనుకోవచ్చు.

ఇక్కడ గది బుక్ చేసేవాళ్లు చూసుకోవలసిందల్లా 7,500 రూపాయల గీత. ఆ గీత దాకా జి.ఎస్.టి. 5 శాతం, దాటితే మొత్తం మీద 18. 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. వంద రూపాయలు ఎక్కువున్న గదికి వెయ్యికి పైగా ఎక్కువ కట్టాలి. పైగా అలాంటి పెద్ద హోటలు ఆవరణలో ఇడ్లీ తిన్నా 18 శాతమే. కాబట్టి ఫోను చేసినప్పుడు "రేటెంత?" అని కాదు, "పన్నులతో, టిఫినుతో, పిల్లవాడి అదనపు పరుపుతో కలిపి చేతికి ఎంత?" అని అడగండి. విదేశం అయితే క్రెడిట్ కార్డు మీద మారకపు రుసుము రెండు నుంచి మూడున్నర శాతం దాకా పడుతుంది, దాని మీద మళ్లీ జి.ఎస్.టి. టూరు కంపెనీ ప్యాకేజీ కొంటే ముందుగానే పట్టుకునే పన్ను ఖర్చు కాదు, రిటర్ను వేసినప్పుడు తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ రసీదు పారేసుకోకండి. ప్రయాణం కోసం పర్సనల్ లోను అని ఫోన్లు చేసే కుర్రాళ్లతో మాత్రం మర్యాదగా మాట్లాడి పెట్టేయండి. వాళ్లూ మన పిల్లల్లాంటివాళ్లే, టార్గెట్ల బాధ వాళ్లది.

డిపాజిట్లకు నలుగురు నామినీలను పెట్టుకునే కొత్త వీలు గురించి ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు. అది వచ్చే సంచికలో.