గుర్రానికి ఖాళీ పిడికిలి చూపొద్దు



పోయిన చలికాలం నరసరావుపేటలో మా బంధువుల ఇంట్లో షాదీ. ఇషా నమాజ్ అయ్యాక బారాత్ బయల్దేరింది. దుల్హా తెల్ల గుర్రం మీద ఉన్నాడు. ముందు డీజే, దానికంటే ముందు టపాకాయలు. "నచావో భాయ్, నచావో" అంటూ కుర్రాళ్లు గుర్రపాయన చేతిలో నోట్లు పెడుతున్నారు. ఆయన కళ్లెం గుంజినప్పుడల్లా గుర్రం ముందు కాళ్లెత్తి గంతులేస్తోంది. అందరి ఫోన్లూ పైకి లేచాయి. నేను పక్కనే నడుస్తున్నా కాబట్టి దాని నోరు కనిపించింది. నురగ ఎర్రగా ఉంది.

ఫంక్షన్ హాల్ దగ్గర ఆగాక ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను. దాచలేదు. కళ్లెం విప్పి చూపించాడు. నోట్లో ఉండే ఇనుప కడ్డీకి ముళ్లున్నాయి. "ఇది లేకపోతే ఆడదు సాబ్. నేర్పేటప్పుడు పక్కన డప్పు కొడతాం, కాళ్ల మీద కర్రతో కొడతాం. కొన్నాళ్లకి డప్పు వినిపిస్తే చాలు, కాళ్లు వాటంతటవే లేస్తాయి" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. ఆ ముళ్లకు డబ్బిచ్చింది మేమే కదా!

మనం నాచ్ అంటున్నది నాచ్ కాదు, ఖౌఫ్. డప్పు మోగితే దెబ్బ పడుతుందని ఆ బేజుబాన్ జాన్వర్‌కు గుర్తుంది, అంతే.

మా దాదా జట్కా తోలేవారు. ఆయనా మొదట్లో చబుకునే నమ్ముకున్నారట. "మార్ కే బగైర్ కామ్ నై" అనేవారట. ఒకసారి నాలు కొట్టించడానికి గుర్రాన్ని నాల్బంద్ దగ్గరకు తీసుకెళ్తే అది కాలు ఇవ్వలేదు. తన్నింది. దాదా చబుకు ఎత్తితే ఆ ముసలి నాల్బంద్ చెయ్యి పట్టుకుని, "మియాఁ, దీన్ని నువ్వు కొట్టి తెచ్చావు. ఇవాళ నాలు కొట్టను, వారం రోజులు రోజూ తీసుకురా" అన్నాడట.

ఆ వారం ఆయన చేసింది ఇంతే. మొదటి రోజు భుజం నిమిరి నాలుగు ఉలవలు పెట్టాడు. రెండో రోజు చెయ్యి మోకాలి దాకా జార్చాడు, మళ్లీ ఉలవలు. తర్వాత గిట్ట కొంచెం లేపి, అది గుంజుకోకముందే తనే దించేశాడు, మళ్లీ ఉలవలు. వారం తిరిగేసరికి చెయ్యి వెయ్యగానే గుర్రమే కాలు ఎత్తి ఇచ్చింది. ప్రమాదమొస్తే పారిపోవడమే గుర్రానికి ఉన్న బచావ్. అది కాలు మన చేతిలో పెట్టిందంటే తన జాన్ మన చేతిలో పెట్టినట్టే. దాదా చబుకు ఆ రోజుతో అటకెక్కింది.

ఈ కిస్సా నాకు చెప్పడానికి కారణం నా తప్పే. చిన్నప్పుడు ఒకరోజు ఖాళీ పిడికిలి బిగించి, ఏదో ఉన్నట్టు చూపించి గుర్రాన్ని పిలిచాను. అది మెడ చాచి వచ్చింది. చెయ్యి తెరిచి నవ్వాను. దాదా నవ్వలేదు. ఇమామ్ బుఖారీ (రహ్) గురించి ఉలమా బయాన్లలో వినిపించే కథ చెప్పారు. హదీసు కోసం ఆయన చాలా దూరం నడిచి ఒకాయన దగ్గరకు వెళితే, ఆ మనిషి ఖాళీ కొంగులో దాణా ఉన్నట్టు చూపి జంతువును పిలుస్తున్నాడట. జాన్వర్‌ను ధోకా చేసేవాడి దగ్గర హదీసు తీసుకోనని ఇమామ్ వెనుదిరిగారట. మర్నాడు నేను నిజంగానే ఉలవలు తీసుకెళ్లాను. గుర్రం మొహం తిప్పుకుంది. దాని ఎత్బార్ మళ్లీ సంపాదించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇదేదో ఫారిన్ ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఒక మాట. మన పిల్లలు మక్తబ్‌లో హిఫ్జ్ చేసే సూరా అల్-ఆదియాత్‌లో అల్లాహ్ తఆలా రొప్పుతూ పరిగెత్తే గుర్రాల మీద ఖసమ్ వేశాడు. గుర్రాల నుదుటి జూలులో ఖియామత్ వరకు ఖైర్ ఉందని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. దైవప్రవక్త (స) తన బట్టతో గుర్రం మొహం తుడిచారని మువత్తాలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) మొండికేసిన ఒంటెను అటూ ఇటూ గుంజుతుంటే, నర్మీగా ఉండమని ఆయన చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. జాన్వర్‌కు తాలీమ్ ఎలా ఇవ్వాలనే దానికి ఇంతకంటే సాఫ్ హుకుం ఏం కావాలి? అబూ దావూద్‌లో ఇంకొకటి ఉంది. ఒక అన్సారీ తోటలో ఒంటె ఆయన్ని చూసి కన్నీళ్లు పెట్టుకుంది. ఆయన దాన్ని నిమిరి ఊరడించి, యజమానిని పిలిపించి, ఆకలితో మాడుస్తూ అలసిపోయేలా పని చేయిస్తున్నావని ఇది షికాయత్ చేస్తోందని చెప్పారు. మన బారాత్ గుర్రాలు షికాయత్ చేస్తే ఎవరి పేర్లు చెబుతాయి?

దీని మీద తహ్‌ఖీఖ్ కూడా జరిగింది. ఫ్రాన్స్‌లో రెన్నె యూనివర్సిటీ వాళ్లు 2010లో ప్రచురించిన పరిశోధనలో, మాట విన్నప్పుడల్లా దాణా ఇనామ్‌గా ఇచ్చి నేర్పిన గుర్రాలు తొందరగా నేర్చుకున్నాయి. నెలలు గడిచినా పాఠం మరిచిపోలేదు. మనుషుల దగ్గరికి తమంతట తామే వచ్చాయి. ఇనామ్ లేకుండా నేర్చుకున్నవి కరవడం, తన్నడం ఎక్కువ చేశాయి. మెడ, వీపు కలిసే చోట, జూలు మొదట్లో గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లోనే ఇంకో పరిశోధన తేల్చింది. దాదా ఏ కితాబూ చదవలేదు గానీ ఆయన చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది.

ఇనామ్ అంటే లంచం కాదు. దానికో ఉసూల్ ఉంది. గుర్రం సరిగ్గా చేసిన ఆ క్షణంలోనే ఇవ్వాలి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. జేబులో మూతి పెట్టి లాగుతుంటే ఇవ్వకూడదు. మొహం పక్కకు తిప్పి ఓపికగా నిలబడినప్పుడే ఇవ్వాలి. బ్యాండుకు బెదిరే గుర్రానికి మొదట దూరంగా, సన్నగా వినిపించి దాణా పెట్టాలి. బెదరడం లేదంటేనే ఒక అడుగు దగ్గరకు. బెదిరితే వెనక్కి. ఇదంతా సబర్ పని.

"గుర్రాలవాళ్లు గరీబులు, వాళ్ల రోజీ మీద కొడతారా?" అని కొందరు అడుగుతారు. సవాల్ జాయజే. కానీ ముళ్ల కళ్లెం ఆ గరీబు కోరిక కాదు, మన ఫర్మాయిష్. రీల్ కోసం గంతులు అడిగేది మనం. నోట్లు ఊపేది మనం. ప్రశాంతంగా నడిచే గుర్రానికే ఎక్కువ ఇస్తామని మనమంటే రేపటికి ఆయనే ముళ్ల కడ్డీ తీసేస్తాడు. బెదిరిన గుర్రం టపాకాయల మధ్య పరుగు తీస్తే ముందు కింద పడేది దుల్హానే, తొక్కిసలాటలో దెబ్బలు తగిలేది మన పిల్లలకే.

ఖానూన్ సంగతీ చెప్పాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద 1965లో చేసిన నియమాల ప్రకారం ముళ్లున్న కళ్లెం వాడటం నేరం. బరువు లాగే, మోసే జంతువుతో రోజుకు 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు చేయించకూడదు. ఎండాకాలం 45 దాటే రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. మాచర్ల, గురజాల వైపు మే నెలలో షాదీలు పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నా గుజారిష్ ఇది. గుర్రం లేకపోయినా నికాహ్‌కు లోటు లేదు. పెట్టాలనుకుంటే మాట్లాడుకునేటప్పుడే కళ్లెం చూడండి. ముళ్లుంటే ఆ గుర్రాన్ని తీసుకోకండి. నాచ్ వద్దని చెప్పండి. గుర్రం చుట్టుపక్కల టపాకాయలు కాల్చనివ్వకండి. దుల్హా ఎక్కేముందు ఎదురుగా కాకుండా పక్క నుంచి వెళ్లి, అరచెయ్యి చాపి, గుర్రపాయనను అడిగి గుప్పెడు ఉలవలు పెట్టమనండి. కొత్త జిందగీ మొదలుపెట్టే మనిషికి అంతకంటే మంచి సబక్ ఏముంటుంది? భయపెట్టి లొంగదీసుకోవడం వేరు, భరోసా సంపాదించడం వేరు. ఆ ఫరఖ్ గుర్రం దగ్గర నేర్చుకున్నవాడు ఇంట్లో కూడా చెయ్యి ఎత్తడు.

అల్లాహ్ మన చేతుల్లో నర్మీ, మన దిలుల్లో రహమ్ పెట్టాలి. ఆమీన్.