కోటరాళ్లను గూర్చి పిల్ల లడుగు ప్రశ్నలు



"ఈ కోట నెవరు కట్టిరమ్మా?" యని బిడ్డ యడిగినచో "ఎవరో రాజులు, నీవు ముం దన్నము తినుము" అని మనలో బలువుర మనుచుందుము. పెనుగొండలో నీ ప్రశ్నను త్రోసివేయుట సులభము గాదు. కొండయు, ప్రాకారములును, గగనమహలును నిత్యము కన్నుల యెదుటనే యుండును. 1565లో తళ్ళికోట యుద్ధముతో విజయనగరము పాడుపడగా తిరుమలరాయలు రాజధానిగా జేసికొన్న దీ యూరే.

ఆ రాళ్లనడుమ బెరిగిన బాలు డొకడు చూచి యూరకుండలేదు. 1914లో జన్మించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్నతనముననే "పెనుగొండలక్ష్మి" యను కావ్యమును వ్రాసిరి. పిదప వారు విద్వాన్ పరీక్షకు జదువునప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథమయ్యెను! ఈ వింతను అందరును చెప్పుకొందురు. మాకు ముఖ్యముగా దోచునది వేరు. ఆ కుతూహలము కావ్యముతో దీరిపోలేదు. పెద్దవారైన పిమ్మట రాయలకాలపు జనుల బ్రతుకును వెదకి "రాయలనాటి రసికతాజీవనము" రచించిరి.

కవులు గానివారికిని వెదకదగినవి కలవు. ఇప్పటి కర్ణాటకములోని గౌరిబిదనూరు సీమలో 1388 నాటి శాసన మొకటి యున్నది. ప్రతాపబుక్కరాయలు పెనుగొండలో నుండి, నీరే ప్రాణులకు జీవనమని తలచి, జలసూత్రమున నేర్పరియైన సింగాయభట్టును పెన్నేటినీటిని పెనుగొండకు దెమ్మని యాజ్ఞాపించెననియు, ఆయన సిరువేర చెరువునకు గాలువ త్రవ్వించెననియు నందు గలదు. మావారు బడిలో జెప్పు రాజుల తేదీలలో నీ కాలువ లేదు. బిందెలు మోసిన మనకంటె నీ సంగతి యెవరికి దగ్గర? ఆ కాలువ యెందుండి యెందుబోయెనో యూరి ముసలివారి నడిగి, గట్లవెంట నడచి చూచుటయు బరిశోధనయే.

మగపిల్లవాడు ప్రశ్నించిన బుద్ధిమంతుడందుము; ఆడపిల్ల ప్రశ్నించిన నోటి దురుసందుము. 1874లో బుట్టిన భండారు అచ్చమాంబగారు బడికి బోకయే, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా దామును జదువు నేర్చి, స్త్రీల చరిత్రములను వెదకి "అబలాసచ్చరిత్రరత్నమాల" గూర్చిరి.

హిందూపురమునకు దాపుననున్న లేపాక్షి వీరభద్రాలయపు గప్పుమీద 16వ శతాబ్దపు చిత్రములు గలవు. అందలి స్త్రీల చీరల యంచులను ధర్మవరపు మగ్గముల యంచులతో బోల్చి చూడుమని మీ బాలికకు జెప్పుడు. నోటుపుస్తకమున నొక ప్రక్క దాను చూచినదియు, నింకొక ప్రక్క నొరులు చెప్పినదియు వ్రాయవలెను. ఈ రెంటిని గలుపరాదు. తేదియు, చూచిన చోటును మరువరాదు. అక్షరములున్న రాయి కనబడినచో సున్నము పూయక, బట్టలుదుకక, ముందు దాని బొమ్మను దీసియుంచుడు.