కర్ర కుదిరితేనే... చేప చిక్కేది!

ఆదివారం పొద్దున్నే నాగార్జునసాగర్ కుడికాలువ గట్టు మీదికి వెళ్లి చూడండి. ఒకపక్క పత్తిచేలు, మరోపక్క మిరపతోటలు. మధ్యలో నీళ్లవైపే చూపు నిలిపి కూర్చున్న మనుషులు. ఒకరి చేతిలో నల్లగా నిగనిగలాడే కార్బన్ కర్ర, దానికో రీలు. నాలుగడుగుల అవతల తుమ్మచెట్టు నీడలో ఇంకొకరు. ఆయన చేతిలో వెదురుకర్ర, దాని కొసకి నైలాన్ దారం, దారానికో జీలుగు బెండు.

'బాబాయ్, ఇంకా ఆ బొంగుతోనేనా? నాది పట్టుకుని చూడు, దూదిపింజలా ఉంటుంది' అంటాడు కుర్రాడు.

'నీ కర్ర ఖరీదు చేపకేం తెలుసురా అబ్బాయ్!' అని బాబాయ్ జవాబు.

గాలం వేసేచోట తరచూ వినిపించే మాటలే ఇవి. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. చేపకి కర్ర ఖరీదు తెలీదు. కానీ కర్ర ఎక్కడ వంగుతోంది, ఎంత వంగుతోంది అన్నది మాత్రం దానికి బాగా తెలుసు. దారం తెగేదీ, గాలం ఊడేదీ, చేప చేతికొచ్చేదీ ఆ వంపుని బట్టే. అందుకే దుకాణంలో దొరికిందేదో కొనేయకుండా ఉత్త కర్రని విడిగా, రింగులూ పిడీ విడిగా ఎంచుకుని, తమ చేతికి తగ్గట్టు సొంతంగా తయారుచేసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. రింగులూ పిడీ ఇంకా బిగించని ఆ ఉత్త కర్రనే 'బ్లాంక్' అంటారు. అసలు కిటుకంతా దాన్ని ఎంచుకోవడంలోనే!

ఓడలెక్కిన మన వెదురు

గాలపుకర్ర చరిత్రలో మనదేశపు వెదురుకి పెద్దపీటే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్లే గట్టి వెదురుని 'కలకత్తా కేన్' అనేవారు. ఇంగ్లండు, అమెరికాల్లో కర్రలు తయారుచేసేవాళ్లు దానికోసం ఎదురుచూసేవారు. 1840ల్లో అమెరికాలోని ఈస్టన్ అనే ఊళ్లో శామ్యూల్ ఫిలిప్పి అనే తుపాకుల తయారీదారు వెదురుని నిలువుగా చీల్చి, ఆ బద్దల్ని మళ్లీ అతికించి కర్ర చేశాడు. క్రమంగా ఆరు ముక్కోణపు బద్దల్ని కలిపి అతికించే పద్ధతి స్థిరపడింది.

మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం రాశాడు. అంతటితో ఊరుకోలేదు. మన చెరువుల్లో గాలం వేయడం గురించే 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకో పుస్తకం తెచ్చాడు!

తర్వాత చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు మన వెదురుని వెనక్కి నెట్టింది. 1950లో చైనా సరుకుపై అమెరికా నిషేధం పెట్టడంతో దానికీ గడ్డుకాలం వచ్చింది. అప్పటికే గాజుపోగుల కర్ర, అంటే ఫైబర్ గ్లాస్ బజారులోకి వచ్చేసింది. 1970లలో కార్బన్ వంతు. ఇన్ని మార్పులొచ్చినా మన కాలువగట్ల మీద వెదురు మాత్రం చెక్కుచెదరలేదు.

వెదురైతే... ఇలా చూడాలి

ప్రకాశం, పల్నాడు పడమటి అంచున ఉన్న నల్లమలలో సాధన వెదురు పెరుగుతుంది. నీరు తక్కువైన నేలలో దీని లోపలి బోలు చాలా సన్నం, కొన్ని గడలు దాదాపు గట్టిగానే ఉంటాయి. పోలీసు లాఠీలకి పేరుపడింది ఈ రకమే. గాలానికీ ఇదే మేలు. అడవిలో నరకడానికి అనుమతులు కావాలి కాబట్టి మేదర్ల దుకాణాల్లో వెతుక్కోవడమే మంచిది. అడవి బయట పెంచే వెదురుని మాత్రం 2017లో చట్టాన్ని సవరించి 'చెట్ల' జాబితా నుంచి తీసేశారు.

కొనేముందు గడని గుండ్రంగా తిప్పుతూ చూడాలి. లేత గడ ఎండాక ముడతలు పడుతుంది. మూడేళ్లు నిండిన గడ కావాలి. కణుపులు దగ్గర దగ్గరగా ఉండాలి. వేలితో తడితే ఖణేల్‌మనాలి. బొయ్‌మని పగిలిన చప్పుడొస్తే ఎక్కడో నెర్రె ఉన్నట్టే. కొస సహజంగా సన్నబడి ఉండాలి. లావు గడని మధ్యలో నరికి ఇదే కొస అంటే ఒప్పుకోవద్దు. సూదిమొనంత రంధ్రాలు, వాటి కింద తెల్లటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టు. వెదురులోని పిండిపదార్థం కోసం వచ్చే పురుగు అది. చలికాలంలో నరికిన గడలో ఆ పదార్థం తక్కువ, పుచ్చు భయమూ తక్కువే.

తెచ్చాక ఎండలో పడేయకూడదు. నీడలో నిలువుగా ఆనించి ఆరనివ్వాలి. వంకర ఉంటే నిప్పుసెగ మీద మెల్లగా కాచి, వేడిగా ఉన్నప్పుడే వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి... నునుపు కోసమని పైపొరని గీకేయొద్దు. వెదురు బలమంతా ఆ పైపొర దగ్గరి పీచులోనే ఉంటుంది.

టన్నుల మాయ

దుకాణంలో కార్బన్ కర్ర మీద 24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని రాసి ఉంటుంది. అది మోసే బరువు కానేకాదు! కార్బన్ పోగు ఎంత బిరుసో చెప్పే కొలత. అంకె పెరిగినకొద్దీ తక్కువ పోగుతోనే కర్ర బిగువుగా నిలుస్తుంది కాబట్టి బరువు తగ్గుతుంది. దాంతోపాటే పెళుసుదనమూ పెరుగుతుంది. బండి తలుపులో పడినా, రాయికి కొట్టుకున్నా పైకి కనిపించని దెబ్బ తగిలి, పెద్ద చేప పడ్డరోజే ఫట్‌మంటుంది. మామూలు అవసరానికి 24, 30 టన్నులు చాలు.

గాజుపోగుతో పోలిస్తే మామూలు కార్బన్ పోగు సుమారు మూడురెట్లు బిరుసు. బరువు చూస్తే మూడింట రెండొంతులే. అందుకే రోజంతా విసిరినా చెయ్యి నొప్పెట్టదు. గాజుకర్ర బరువు, కాస్త మందం. కానీ వంగుతుంది, దెబ్బకి ఓర్చుకుంటుంది, ధరా తక్కువే.

బలం వేరు... వంపు వేరు

కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. కర్రని వంచడానికి ఎంత బరువు కావాలన్నది 'పవర్'. ఎక్కడి నుంచి వంగుతుందన్నది 'యాక్షన్'. కొస మాత్రమే వంగితే ఫాస్ట్, నడుమ దాకా వంగితే మోడరేట్, పిడిదాకా వంగితే స్లో.

కొరమీనునే తీసుకోండి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. గుర్రపుడెక్క కింద, తామరాకుల మాటున నక్కి ఉంటుంది. రబ్బరు కప్పని ఆకుల మీదుగా లాగితే ఎగిరి పట్టేస్తుంది. పట్టిన మరుక్షణం బయటికి లాగకపోతే తీగల్లో చుట్టుకుపోతుంది. కాబట్టి దీనికి హెవీ పవరు, ఫాస్ట్ యాక్షను, ఆరున్నర ఏడడుగుల పొడవు సరిపోతాయి.

శీలావతి, మోసు లాంటివి అలా కాదు. తవుడుముద్దని మెల్లగా నోట పెట్టుకుంటాయి. చిక్కాక పరుగందుకుంటాయి. ఆ కుదుపుల్ని మింగేసే మోడరేట్ కర్ర కావాలి. బిరుసు కర్రతో లాగితే పెదవి చీలి గాలం ఊడిపోతుంది. సూర్యలంక తీరంలో అలల మీదుగా విసరాలంటే పదకొండు పన్నెండడుగులైనా ఉండాలి. ఏ చేప, ఏ నీళ్లు అన్నది తేల్చుకున్నాకే దుకాణం మెట్లెక్కాలి.

'వెన్ను' ఎటుందో...

కార్బన్ గుడ్డని ఉక్కుకడ్డీకి చుట్టి, వేడిలో కాల్చి, కడ్డీని లాగేస్తే బ్లాంక్ తయారవుతుంది. చుట్టిన అంచు ఒకదాని మీద ఒకటి పడినచోట కర్ర కాస్త బిగువుగా ఉంటుంది. అదే వెన్ను. దాన్ని కనిపెట్టడం తేలికే. మొదలుని నేలమీద ఆనించి, కొసని ఒక అరచేతిలో ఉంచి, రెండోచేత్తో నడుమ నొక్కుతూ దొర్లించాలి. ఒకచోట కర్ర తనంతట తనే టక్కున తిరిగి నిలుస్తుంది. అక్కడ గుర్తు పెట్టుకుని, రింగులు ఆ గీతకి సూటిగా వచ్చేలా చూసుకుంటారు చాలామంది. అయితే వెన్ను కోసం వంకరని మరిచిపోకూడదు. కర్రని కంటిదగ్గర పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూస్తే ఎంత వంకరుందో తెలిసిపోతుంది.

రింగుల లెక్క

పొడవు ఎన్ని అడుగులో అన్ని రింగులు, పైన కొసకి ఒకటి అదనం... ఇది పాత లెక్క. ఏడడుగుల కర్రకి ఏడు ప్లస్ ఒకటి. తక్కువైతే వంగినప్పుడు దారం కర్రకి రాసుకుంటుంది. ఎక్కువైతే కొస బరువెక్కి చురుకు పోతుంది. కర్ర కింద వేలాడే స్పిన్నింగ్ రీలు నుంచి దారం చుట్టలు చుట్టలుగా వస్తుంది కాబట్టి మొదటి రింగు పెద్దదిగా ఉండాలి. అల్లిన దారం వాడేవాళ్లు రింగు లోపలి పూతని మరీ జాగ్రత్తగా చూడాలి. మెత్తటి లోహాన్ని ఆ దారం రంపంలా కోసేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ పూతైతే ఫరవాలేదు, సిలికాన్ కార్బైడ్ అయితే మరీ మంచిది. కొనేటప్పుడు రింగులో దూదిపింజ తిప్పి చూడండి. పింజ ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ బీట ఉన్నట్టే!

రీలు సీటు చేతికి గుచ్చుకోకూడదు. బిగించాక రీలు కదలకూడదు. పిడికి కార్క్ గానీ, ఈవీఏ ఫోమ్ గానీ వాడతారు. మంచి కార్క్ ఎక్కువగా పోర్చుగల్ నుంచి వస్తుంది. మొదటిసారి బెరడు తీయడానికి ఆ చెట్టుకి పాతికేళ్లు నిండాలి, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి తీస్తారు. ఖరీదు మరి ఊరికే రాదు! చెమటచేతులతో పట్టుకునే మన ఎండలకి ఫోమ్ కూడా చక్కగా పనికొస్తుంది.

దారం చుట్టి, పూత పూసే ముందు చిన్న పరీక్ష ఉంది. రింగుల్ని టేపుతో అంటించి, దారం ఎక్కించి, చివర ఇటుకముక్కలాంటి బరువు కట్టి మెల్లగా వంచాలి. దారం వంపుతోపాటే సాగాలి. ఎక్కడైనా కర్రకి తగిలితే ఆ రింగు జరపాలి. అన్నీ కుదిరాక నైలాన్ దారంతో గట్టిగా చుట్టి, ఎపాక్సీ పూసి, అది గట్టిపడేదాకా కర్రని మెల్లగా తిప్పుతూ ఉండాలి. లేదంటే పూత ఒకపక్కకి జారి బుడిపెలు కడుతుంది.

తీగల కింద వద్దే వద్దు

ఇంత చెప్పుకుని ఈ సంగతి వదిలేస్తే లాభం లేదు. కార్బన్ కరెంటుకి దారిస్తుంది. మన పొలాల్లో కాలువగట్ల వెంబడి మోటార్లకి వెళ్లే తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో తెలిసిందే. పన్నెండడుగుల కర్ర పట్టుకుని చెయ్యెత్తితే కొస పదిహేడు, పద్దెనిమిది అడుగుల ఎత్తుకి వెళ్తుంది. తీగని తాకక్కర్లేదు, హైటెన్షన్ లైనైతే దగ్గరికెళ్లినా చాలు, కరెంటు దూకుతుంది. బ్రిటన్‌లో కరెంటు తీగలకి కనీసం 30 మీటర్ల దూరంలో ఉండి గాలం వేయమంటారు. మనమూ అదే పాటించాలి. చేలోంచి నడిచేటప్పుడు కర్రని విడదీసి, నేలకి అడ్డంగా పట్టుకోవాలి. ఉరుము వినపడగానే కర్ర కింద పెట్టేయాలి. తడిసిన వెదురునీ, గాజుకర్రనీ కూడా నమ్మడానికి లేదు.

కుడికాలువకి సిమెంటు లైనింగు ఉన్నచోట అంచు నాచుపట్టి జారుతుంటుంది. పడితే పైకి రావడం కష్టం. చేప జారిపోతే పోనివ్వండి, వాలు మీదికి మాత్రం దిగొద్దు. చాలా చెరువుల్ని మత్స్యకారుల సంఘాలకి లీజుకిస్తారు. అక్కడ వాళ్ల అనుమతి తీసుకున్నాకే గాలం వేయాలి. అది వాళ్ల జీవనాధారం మరి.

బుడతడికి మొదటి కర్ర

'నాన్నా, నాకూ ఓ కర్ర' అని ఇంట్లో పిల్లలు మారాం చేస్తే ఏది కొనాలి? అయిదారడుగుల గాజుకర్ర, లేదంటే చేతికి ఆనే సన్నటి వెదురుకర్ర. కార్బన్ వద్దు. రింగులు, రీలు తర్వాత చూసుకోవచ్చు. కొసకి దారం, ఓ బెండు, ఓ చిన్నగాలం చాలు. ఎర్రల్ని తవ్వడం, బెండు మునిగేదాకా కదలకుండా కూర్చోవడం, చిన్నచేపని తిరిగి నీళ్లలో వదిలేయడం... ముందు నేర్చుకోవాల్సినవి ఇవి.

ఎందుకంటే కర్రని బజారులో కొనొచ్చు, ఇంట్లో చేసుకోవచ్చు. ఓర్పుకి మాత్రం విడిభాగాలు దొరకవు. కుర్రాడి నల్లకర్రని పక్కనపెట్టి బాబాయ్ తుమ్మచెట్టు కింద అంత నిబ్బరంగా కూర్చోవడంలో రహస్యం అదే!