పిల్లల స్కార్లెట్ జ్వరం: పెరటి వైద్యానికి గల హద్దు

గృహవైద్యంపై అభిమానం గలవారే దాని హద్దును కూడ చెప్పవలసి ఉంటుంది. తులసి, మిరియాలు, అల్లం, పసుపు ఎన్నో చిన్న రుగ్మతలలో మన పిల్లలకు ఉపశమనం కలిగిస్తున్నాయి. అయితే ఒక జ్వరంలో మాత్రం వీటిని రెండవ వరుసలో నిలుపవలెనని నా దృఢాభిప్రాయం. అదే స్కార్లెట్ జ్వరం.

పాపఘ్ని ఒడ్డున గల కమలాపురం వంటి ఊరిలో పిల్లవాని మెడపైన, ఛాతీపైన సన్నని పొక్కులు కనబడగానే పెద్దలు మూడు మాటలలో ఏదో ఒకటి అంటారు. చెమటకాయలంటారు, వేడి చేసిందంటారు, జ్వరం కూడ ఉంటే అమ్మవారంటారు. మూడింటికీ ఇంటిలో ఆచారం సిద్ధంగానే ఉంటుంది. గుమ్మానికి వేపమండ కట్టడంలో ఒక వివేకం ఉన్నదని నేను నమ్ముతాను. ఇంటిలో అంటురోగమున్నది, పిల్లలను తీసుకొని రావద్దని ఇరుగుపొరుగుకు అది చెప్పకనే చెప్పేది. నా పేచీ అంతా మందు వేయరాదనే నియమంతోనే.

పొక్కులన్నీ ఒకే రోగం కావని మన పూర్వులకు తెలుసు. మాధవనిదానం మసూరికను చెబుతూ రోమాంతికను ప్రత్యేకించి వర్ణించింది. తల్లులు కూడ అదే పరిశీలనా దృష్టిని అలవరచుకోవాలి. తట్టులో దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ముందుగా వస్తాయి. పొక్కులు ముఖం నుండి దిగుతాయి. స్కార్లెట్ జ్వరంలో గొంతునొప్పి, తీవ్రమైన జ్వరం ముందు వస్తాయి. దగ్గు, జలుబు సాధారణంగా ఉండవు. ఒకటి రెండు రోజులలో మెడ, ఛాతీ, చంకలు, గజ్జలలో పొక్కులు పుడతాయి. బుగ్గలు ఎర్రబడినా నోటి చుట్టూ పాలిపోయి ఉంటుంది. నాలుక మొదట తెల్లని పూతతో ఉండి, పిదప ఎర్రబడి గింజలు తేలినట్లవుతుంది. వైద్యగ్రంథాలు దీనిని స్ట్రాబెర్రీ పండుతో పోల్చాయి గాని, ఆ పోలిక మన సీమ తల్లులకు అంతగా ఉపకరించదు. చామనఛాయ పిల్లలలో ఎరుపు కంటికి స్పష్టంగా కనబడకపోవచ్చు కూడ. అందుచేత కన్ను కంటె చేతిని నమ్మండి. ఒంటిని నిమిరితే వడ్రంగి వాడే ఉప్పుకాగితంలా గరుకుగా తగులుతుంది.

దీనికి కారణం స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి. మూడేళ్ళలోపు శిశువులలో అరుదు. బడికి వెళ్ళే పిల్లలలో ఎక్కువ. ఇది పాతకాలపు రోగమని, ఇక రాదని అనుకోవడానికి వీలులేదు. 2011లో హాంకాంగ్‌లోను, 2014లోను తిరిగి 2022లోను ఇంగ్లాండులోను ఇది విజృంభించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ పేరు వినని తల్లి ఉండదు.

అసలు భయం పొక్కులది కాదు. అవి వారం రోజులలో వాటంతటవే మాసిపోతాయి, చేతివేళ్ళ కొనలు పొట్టు రాలుతాయి. ఏ కషాయం పోసినా పోతాయి, పోయకపోయినా పోతాయి. కషాయానికి కీర్తి వచ్చేది ఇక్కడనే! కాని సూక్ష్మజీవిని పూర్తిగా నిర్మూలించకపోతే, కొన్ని వారాల తరువాత కొందరు పిల్లలలో కీళ్ళవాత జ్వరం తలెత్తుతుంది. అది గుండె కవాటాలను శాశ్వతంగా దెబ్బతీయగలదు. అట్టి బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ళ తరబడి తప్పదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిదప గుండె ఆపరేషను ఖర్చు పేదలకు కొంత తేలికయిందేమో గాని, ఆ బిడ్డ పోగొట్టుకొన్న బాల్యానికి ఏ పథకమూ లేదు.

దీనిని ఆపగలిగినది పెన్సిలిన్ లేక అమాక్సిసిలిన్. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజులలోపు ఆరంభించినా కీళ్ళవాత జ్వరాన్ని చాలవరకు నివారించవచ్చు. కనుక కంగారు పడనక్కరలేదు, కాలయాపనా పనికిరాదు. మందు పది రోజులు వాడాలి. రెండు మూడు రోజులకే జ్వరం తగ్గి పిల్లవాడు వీధిలో ఆడుకోవడం మొదలుపెడితే, మన ఇండ్లలో మిగిలిన మందును తమ్ముడి దగ్గుకని అలమరలో దాస్తారు. ఈ పొదుపు చాల ఖరీదైనది. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందులున్నవి. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రతి గొంతునొప్పికీ మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయమని నా ఉద్దేశం కాదు. గొంతునొప్పులలో అధికభాగం వైరస్‌ల వలన వచ్చేవి. వాటికి ఆ మందు నిరర్థకం. తేల్చవలసినది డాక్టరు. అవసరమైతే గొంతు నుండి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షిస్తారు. కమలాపురం నుండి కడపకు గాని, ప్రొద్దుటూరుకు గాని బస్సు ప్రయాణం పెద్ద దూరమేమీ కాదు.

ఇక వంటింటికి పని లేదా? చాల ఉన్నది. ఆ గొంతుతో బిడ్డ మింగలేడు. చల్లార్చిన రాగిజావ, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు, నెయ్యి వేసి మెత్తగా పిసికిన పప్పన్నం కొద్దికొద్దిగా పెట్టాలి. సీమ పిల్లలకు కారం అలవాటే అయినా ఈ వారం దూరముంచండి. మిరియాల కషాయం కూడ పుండుపడిన గొంతును మండిస్తుంది. పుక్కిలించి ఉమ్మగల వయసు బిడ్డకు గోరువెచ్చని ఉప్పునీరు హాయినిస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు చెంచా తేనె నాకించవచ్చు, అంతకు లోపు వారికి ఎంతమాత్రం కూడదు. జ్వరానికి పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి ఇవ్వాలి, ఆస్పిరిన్ ఇవ్వరాదు. స్నానం మానిపించనక్కరలేదు. పొట్టు రాలే చేతులకు కొబ్బరినూనె చాలు.

మందు మొదలుపెట్టి ఒక పూర్తి రోజు గడిచి, జ్వరం తగ్గేవరకు బడికి పంపకండి. గ్లాసు, తువాలు వేరుగా ఉంచండి. ఇంటిలో మరొక బిడ్డకు గొంతునొప్పి వస్తే ఆ బిడ్డనూ చూపించండి. తగ్గిన పిదప కూడ మూడు నాలుగు వారాలు కనిపెట్టి ఉండాలి. ఉదయం లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషను రంగులో వచ్చినా, మోకాలు ఒకనాడు, మోచేయి మరొకనాడు నొప్పి అన్నా, పాత చీటీ వెంట తీసుకొని ఆనాడే డాక్టరు వద్దకు వెళ్ళండి.