బడి బోర్డు చూసి కలిపే మార్కులు

జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి పదో తరగతిలో 9.7 గ్రేడు పాయింట్లు తెచ్చుకున్న అమ్మాయి ఒకరు. ప్రైవేటు స్కూల్లో పదికి పది తెచ్చుకున్న అబ్బాయి ఒకరు. ట్రిపుల్ ఐటీ జాబితాలో ఎవరు ముందుంటారు? ఫలితాలు గ్రేడుల్లో ఇచ్చిన కాలంలో పెనుకొండలోనో సోమందేపల్లిలోనో ఏ లెక్కల మాస్టారిని అడిగినా తడుముకోకుండా చెప్పేవారు, అమ్మాయేనని. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడిలో చదివినందుకు ఆమెకు 0.4 కలుస్తుంది, మొత్తం 10.1 అవుతుంది. పదికి పదొచ్చిన అబ్బాయి ఆమె వెనకే నిలబడాలి. తర్వాత గ్రేడులు పోయి మార్కులు తిరిగొచ్చాయి, 0.4 కాస్తా 4 శాతమైంది. లెక్క మారింది గానీ సూత్రం మారలేదు. ఇలా కలిపే మార్కులను డిప్రివేషన్ స్కోరు అంటారు.

ఏటా ఎంపిక జాబితా రాగానే హిందూపురం, ధర్మవరం ఇళ్లల్లో ఒక గొణుగుడు మొదలవుతుంది. ‘మావాడికి ఎక్కువ మార్కులొచ్చినా సీటు రాలేదు’ అని. ఆ తల్లిదండ్రుల బాధ అబద్ధం కాదు. అయితే వాళ్లు చేసే వాదనలో సగమే నిజం. బడి రకాన్ని చూసి మార్కులు కలపడం అన్యాయం కాదని నా అభిప్రాయం. ఆ చూపు బడి గేటు మీది బోర్డు దగ్గరే ఆగిపోవడమే అసలు లోపం.

ముందు ఆ సూత్రం ఎందుకు పుట్టిందో చూడాలి. ఈ ట్రిపుల్ ఐటీలను నడిపే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలు అప్పటివే. ఒంగోలు, శ్రీకాకుళం 2016లో చేరాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గతంలో దీనికి ఛాన్సలర్‌గా పనిచేశారు. పల్లె బడుల్లో ముందు వరుసలో ఉన్న పిల్లల్ని పదో తరగతి అవగానే పట్టుకుని, ఇంటర్ కోచింగ్ సుడిలో పడకముందే ఆరేళ్లపాటు ఒకే చోట చదివించి ఇంజినీర్లను చేయాలన్నది ఆలోచన. అందుకే ప్రవేశ పరీక్ష పెట్టలేదు, పదో తరగతి ప్రతిభనే ప్రమాణంగా తీసుకున్నారు. కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు జరగని 2020, 2021ల్లో మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టి, 2022లో మళ్లీ పాత దారికే వచ్చారు. రావడమే మంచిదైంది. పరీక్ష ఉన్న చోటికి కోచింగ్ రాకుండా ఎన్నాళ్లు ఆగుతుంది?

పదో తరగతి మార్కు పిల్లవాడి తెలివికి కొలత అని మనం అనుకుంటాం. నిజానికి అందులో బడి వాటా చాలా ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు బడి చేతిలో పెట్టిన కాలం గుర్తుంది కదా. ఆ 20కి 20 వేయడానికి ఏ యాజమాన్యం వెనకాడుతుంది? చివరికి 2019లో ఆ పద్ధతిని ఎత్తేయాల్సి వచ్చింది. అంతర్గత మార్కులు పోయినా మిగతా తేడాలు పోలేదు. ఒకచోట పదో తరగతి సిలబస్ తొమ్మిదిలోనే మొదలవుతుంది, పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి ఎనిమిదికి స్లిప్ టెస్టు. మరోచోట సాయంత్రం బస్సు తప్పితే ఊరికి నడిచే పోవాలి, ఇంటికెళ్లాక గొడ్ల పని. రాష్ట్రంలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ ద్వారా టీచర్ల నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీలోనే, 16,347 పోస్టులతో. మధ్యలో ఖాళీ అయిన సబ్జెక్టు టీచరు కుర్చీల ప్రభావం ఏ బడుల పిల్లల మీద పడుతుందో విడిగా చెప్పనక్కర్లేదు. రెండు చోట్లా వచ్చిన 570ని ఒకే 570గా చూడటమే అసలు పక్షపాతం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ లేచిన చోట, ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఇంజినీర్లుగా ఆ గేటు దాటాలంటే వాళ్ల హైస్కూలుకు ఈ కలుపుడు మార్కులు కావాల్సిందే.

ఇక బోర్డు సంగతి.

ప్రభుత్వ బడులన్నీ ఒకటి కావు. హిందూపురం పట్టణం నడిబొడ్డున ఉన్న మున్సిపల్ హైస్కూలు పిల్లవాడికీ, తాడిమర్రి వైపు మెట్ట పల్లె నుంచి జడ్పీ హైస్కూలుకు వచ్చే పిల్లవాడికీ ఒకే 4 శాతం. మొదటివాడికి ట్యూషన్ వీధి చివరే ఉంది. రెండోవాడికి ట్యూషన్ అన్న ఆలోచనే లేదు. నిబంధన వీళ్లిద్దరినీ ఒక గాటన కట్టేసింది. ఇద్దరూ సీటుకు పోటీపడితే గెలిచేది పట్టణమే.

నాన్ రెసిడెన్షియల్ అన్న షరతు మరీ చిక్కుది. హిందూపురం పక్కన పరిగి మండలంలోని కొడిగెనహళ్లి గురుకుల పాఠశాల రాయలసీమకంతా తెలిసిన పేరు. 1970ల మొదట్లో, సర్వేల్, తాడికొండ గురుకులాల సరసన పుట్టింది. పేదింటి పల్లె పిల్లల్ని ఎంపిక చేసి, హాస్టల్లో పెట్టి చదివించిన ఆ బడి నుంచి ఎందరో పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. గురుకులంలో తిండి, చదువు, పర్యవేక్షణ ఉంటాయి కాబట్టి అదనపు మార్కులు అక్కర్లేదన్న తర్కం కొంతవరకు సబబే. ఒప్పుకుంటాను. కానీ అదే తర్కంతో కస్తూర్బా బాలికా విద్యాలయం కూడా రెసిడెన్షియలే అవుతుంది. బడి మానేసిన ఆడపిల్లల్ని, తల్లిదండ్రులు లేని ఆడపిల్లల్ని వెతికి తెచ్చి చేర్చుకునే చోటది. ఆ అమ్మాయికి లేని లేమి మున్సిపల్ స్కూలు పిల్లవాడికి ఎక్కడి నుంచి వచ్చింది?

ధర్మవరం వస్తే చిక్కు ఇంకో రకం. పట్టుచీరల ఊరు. మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసే కుటుంబాలు కూడా మగ్గం మీద వచ్చిన డబ్బులో చదువుకని తీసిపెట్టి పిల్లల్ని కాన్వెంటుకు పంపుతాయి. కాన్వెంటు అంటే ఊరి మధ్యలో రెండంతస్తుల ఇంట్లో నడిచే చిన్న ఇంగ్లిష్ మీడియం బడి. అక్కడి టీచర్లకు జీతాలు అంతంత మాత్రం, ల్యాబ్ ఉండదు, ఆటస్థలం ఉండదు. కాగితం మీద మాత్రం అదీ ప్రైవేటే, అనంతపురంలోని కార్పొరేట్ స్కూలూ ప్రైవేటే. ప్రభుత్వోద్యోగి ఎవరైనా తన బిడ్డను జడ్పీ హైస్కూల్లో చేరిస్తే (అలా చేర్చేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం) ఆ బిడ్డకు మార్కులు కలుస్తాయి, నేతగాడి కూతురికి కలవవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఉన్నపాటి వివేకం ఈ నిబంధనకు లేదు.

ప్రభుత్వం తన చేత్తోనే ఇంకో ముడి వేసింది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వడం మన రాష్ట్రంలో 2022-23లో మొదలైంది. ఆ పిల్లలు పదో తరగతి పరీక్ష రాసేది 2032 మార్చిలో. పేదవాళ్లని గుర్తించి ప్రభుత్వమే తీసుకెళ్లి ప్రైవేటు బడిలో కూర్చోబెట్టిన పిల్లల్ని, పదేళ్ల తర్వాత అదే ప్రభుత్వం ప్రైవేటు బడి పిల్లలంటూ వెనక వరుసలోకి పంపబోతోంది.

తమిళనాడు ఈ చిక్కును ముందే చూసింది. ఎంబీబీఎస్‌లో ప్రభుత్వ బడి పిల్లలకు 2020లో 7.5 శాతం సీట్లు కేటాయించి, మరుసటి ఏడాది ఇంజినీరింగుకూ విస్తరించిన ఆ రాష్ట్రం, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలంది. చివరి ఏడాది బడి మార్చి లాభపడే దారి అలా మూసేసింది. అదే సమయంలో విద్యాహక్కు చట్టం కింద ఎనిమిది దాకా ప్రైవేటులో చదివి, తర్వాత ప్రభుత్వ బడికి వచ్చినవాళ్లకూ అర్హత ఇచ్చింది. ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో ఆలోచించి రాసిన నిబంధన అది.

బడి ఏది అన్న ప్రశ్న ట్రిపుల్ ఐటీతో అయిపోదు. మనది కర్ణాటక సరిహద్దు జిల్లా. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. పది పాసయ్యాక పీయూసీకి అక్కడికి పంపడం మనవాళ్లకు ఎప్పటి నుంచో అలవాటు. రెండేళ్ల తర్వాత ఆ పిల్లలు ఈఏపీసెట్ రాయడానికి తిరిగొచ్చి చూసుకుంటే నాన్ లోకల్. ఆరు సూత్రాల పథకం తర్వాత వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు పుట్టిన ఊరిని చూడదు, రేషన్ కార్డును చూడదు, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివావని అడుగుతుంది. ఎస్వీయూ పరిధిలోని 85 శాతం స్థానిక సీట్లు అలా చేజారి, మిగిలిన 15 శాతంలోనే వెతుక్కోవాలి. కర్ణాటకలోనైనా చోటుందా అంటే, అక్కడి సెట్‌కు ఆ రాష్ట్రంలో ఏడేళ్ల చదువు చూపించాలి. గ్రామీణ కోటా కావాలంటే ఒకటి నుంచి పది దాకా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఈ పిల్లలు రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ బయటివాళ్లే. బెంగళూరు కాలేజీ బ్రోషర్లలో ఈ సంగతి రాయరు. మన హైస్కూళ్లలోనైనా పదో తరగతి ముగిసేలోపు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

లేపాక్షి నవోదయది మరో లెక్క. అక్కడ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివితేనే గ్రామీణం కింద లెక్క. చిలమత్తూరు వైపు పల్లెలో ఉంటూ రోజూ పసుపురంగు వ్యానెక్కి హిందూపురం టౌన్ స్కూలుకు వెళ్లే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ లెక్కలో పట్టణవాసి. వాళ్ల నాన్నకు ఆ సంగతి తెలిసేది ఐదో తరగతిలో దరఖాస్తు నింపేటప్పుడు. ఒక్కో సంస్థ ఒక్కో వయసులో, ఒక్కో రకంగా బడిని చూస్తోంది. ఈ చదరంగం తెలిసినవాళ్లే లాభపడతారు, తెలియాల్సినవాళ్లకే తెలియడం లేదు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఇదే చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకుంది. జాతి ఆధారంగా ప్రవేశాలు ఇవ్వకూడదని 1996లో కోర్టు చెప్పాక, 1997లో అక్కడ ఒక చట్టం చేశారు. ప్రతి హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఖాయం. పక్క పట్టణం పిల్లలతో పోలిక లేదు, నీ బడిలో నీ తోటివాళ్లతోనే పోలిక. కాలిఫోర్నియా కూడా తర్వాత ఇలాంటి పద్ధతే పెట్టుకుంది. లోపాలు లేవని కాదు. మంచి ర్యాంకు కోసం కొన్ని కుటుంబాలు పిల్లల్ని పోటీ తక్కువున్న బడులకు మార్చాయని అక్కడి ఆర్థికవేత్తలు గుర్తించారు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో ఈ దారిన వచ్చేవాళ్లే సీట్లలో ఎక్కువ భాగం నింపేస్తుంటే, 2009లో 75 శాతం దగ్గర గీత గీయాల్సి వచ్చింది. అయినా ఆ సూత్రంలో ఒక నిజాయితీ ఉంది. బడి మీద ముద్ర వేసి అందరికీ ఒకే మోతాదు రాయితీ పోయడం లేదు. ఎంత లేమి ఉన్న బడిలోనైనా మొదట నిలిచినవాడు మొదటివాడేనని ఒప్పుకుంటోంది.

మన ట్రిపుల్ ఐటీకి ఇది అతికినట్టు సరిపోతుంది. బాసర తెలంగాణకు పోగా మనకు మిగిలిన నాలుగు ప్రాంగణాల్లో కలిపి 4,400 సీట్లు. రాష్ట్రంలో మండలాలు దాదాపు 680. ఒక్కో మండలంలోని బడుల నుంచి ముగ్గురికి చోటు ఖాయం చేసినా పట్టేది సుమారు 2,040 సీట్లు, సగం కూడా కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని 32 మండలాల నుంచి 96 మంది కచ్చితంగా వెళ్తారు. ఆ ముగ్గురిలో ఇద్దరు నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల వాళ్లు, ఒకరు కస్తూర్బా అమ్మాయి లేదా విద్యాహక్కు సీటులో చదివిన పిల్లలు కావచ్చు. కనీస మార్కుల గీత ఒకటి పెట్టాలి. బడి మార్చి దూరేవాళ్లను ఆపడానికి తమిళనాడులాగా ఆరో తరగతి నుంచి చదువు చూపించమనాలి. సామాజిక రిజర్వేషన్లు యథాతథంగా ఇందులోనే అమలు కావాలి. మిగతా సగానికి పైగా సీట్లకు ఇప్పటి 4 శాతం పద్ధతి కొనసాగినా నాకు అభ్యంతరం లేదు.

దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయని పెదవి విరిచేవాళ్లుంటారు. ట్రిపుల్ ఐటీ ఇచ్చేది ఆరేళ్లు. మొదటి రెండేళ్లు పీయూసీ, ఇంగ్లిష్‌లోనూ లెక్కల్లోనూ వెనకబడినవాళ్లను పైకి లాగడానికి చాలినంత సమయం అందులోనే ఉంది. ఆ వెసులుబాటు లేని సంస్థలకు ఈ వాదన వర్తించొచ్చు గానీ, పల్లె పిల్లల కోసమే పెట్టిన ఆరేళ్ల చదువుకు వర్తించదు.

టెక్సాస్ వాళ్లు నేర్చుకున్న ఇంకో పాఠం మనకు మరింత అవసరం. చట్టం వచ్చినా కొన్ని హైస్కూళ్ల నుంచి ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తులే వెళ్లేవి కావు. ఆ బడుల్లో అంతకుముందు అక్కడికి వెళ్లినవాళ్లు లేరు మరి. అందుకని విశ్వవిద్యాలయమే అలాంటి బడులను ఎంచుకుని, వాటి పిల్లలకు ప్రత్యేక స్కాలర్‌షిప్పులతో పిలుపు పంపింది. ఇక్కడ కూడా ఎంపిక జాబితాతో పాటు ఏ మండలం, ఏ హైస్కూలు నుంచి ఎందరు దరఖాస్తు చేశారో, ఎందరు ఎంపికయ్యారో ఏటా ప్రకటించాలి. వరుసగా రెండేళ్లు ఒక్క దరఖాస్తూ రాని హైస్కూలు ఉంటే, మూడో ఏడాది ఫలితాలు వచ్చిన వారంలోనే ఆ బడి మొదటి ర్యాంకరు ఇంటికి ఎంఈఓ వెళ్లి దరఖాస్తు పూర్తి చేయించాలి.